కొత్త గ్రాఫిక్స్ కార్డ్ పెట్టారా? బయోస్‌లో ఈ మెమరీ సెట్టింగ్స్ కూడా చూసుకోండి

వేలకు వేలు పోసి గ్రాఫిక్స్ కార్డ్ కొంటాం, డ్రైవర్ వేస్తాం, గేమ్ ఓపెన్ చేస్తాం. తీరా చూస్తే రివ్యూల్లో చూపించినంత ఎఫ్‌పీఎస్ రాదు. చాలామంది అప్పుడు కార్డునే తిట్టుకుంటారు. నన్నడిగితే, కార్డ్ వెనక్కి ఇచ్చే ముందు ఒక్కసారి బయోస్‌లోకి వెళ్లి చూడండి అంటాను.

పాత పద్ధతిలో ప్రాసెసర్‌కి గ్రాఫిక్స్ కార్డ్ మెమరీ మొత్తం ఒకేసారి కనిపించదు. 256 ఎంబీ కిటికీలోంచి ముక్కముక్కలుగా చూస్తుంది. కార్డులో 12 జీబీ ఉన్నా కిటికీ అంతే. రీసైజబుల్ బార్ ఆన్ చేస్తే ఆ 12 జీబీ అంతా ఒకేసారి అందుతుంది. ఏఎండీ దీన్నే స్మార్ట్ యాక్సెస్ మెమరీ పేరుతో 2020లో ఆర్‌ఎక్స్ 6000 కార్డులతో తెచ్చింది. ఎన్విడియాలో ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ నుంచి ఉంది. వీటిలో తేడా గేమ్‌ని బట్టి కొద్దిగా ఉంటుంది, కొన్నింట్లో అసలు ఉండదు. ఇంటెల్ ఆర్క్ సంగతి వేరు. ఇది లేకపోతే ఆ కార్డు బాగా నీరసపడిపోతుంది. అందుకే పాత పీసీలో బి580 వేస్తానని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది మదర్‌బోర్డ్ ఏదని.

బయోస్‌లో ముందు అబౌవ్ 4జీ డీకోడింగ్ ఆన్ చేయాలి. చాలా బోర్డుల్లో అది చేస్తేనే రీసైజబుల్ బార్ ఆప్షన్ వస్తుంది. సీఎస్‌ఎం ఆఫ్‌లో ఉండాలి. ఇక్కడే జాగ్రత్త! మీ విండోస్ పాత ఎంబీఆర్ డిస్క్ మీద ఉంటే, సీఎస్‌ఎం ఆఫ్ చేయగానే బూట్ అవ్వదు. కంగారొద్దు, డేటా ఎక్కడికీ పోదు, మళ్లీ ఆన్ చేస్తే వచ్చేస్తుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పార్టిషన్ స్టైల్ ముందే చూసుకోండి. ఎంబీఆర్ అని ఉంటే విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ టూల్‌తో ఫైల్స్ పోకుండా మార్చుకోవచ్చు. అయినా బ్యాకప్ లేకుండా దాని జోలికి వెళ్లకండి. బిట్‌లాకర్ వాడుతుంటే రికవరీ కీ దగ్గర పెట్టుకోండి, అడగొచ్చు.

ఆప్షనే కనిపించకపోతే బయోస్ అప్‌డేట్ కావాలేమో చూడండి. కరెంట్ ఎప్పుడు పోతుందో తెలియని మన ఊళ్లలో యూపీఎస్ లేకుండా ఆ పని పెట్టుకోవద్దు. అప్‌డేట్ అయ్యాక సాధారణంగా సెట్టింగ్స్ అన్నీ మొదటికొస్తాయి, ఎక్స్‌ఎంపీతో సహా. 3200 ర్యామ్ కాస్తా 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తుంటుంది, మనకి తెలియను కూడా తెలియదు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ స్పీడ్ చూసి మళ్లీ ఆన్ చేయండి. ఏఎండీ డీడీఆర్5 బోర్డుల్లో దాని పేరు ఎక్స్‌పో. డీడీఆర్5 అయితే మొదటి బూట్‌లో స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగా ఉండొచ్చు. అది మెమరీ ట్రైనింగ్, పవర్ బటన్ నొక్కేయకండి.

రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్ ఉన్నవాళ్లకి ఇంకోటి. మా తమ్ముడి పీసీలో 16 జీబీ ర్యామ్ ఉంటే విండోస్‌కి 14 దగ్గరే దక్కేది. కొత్త కార్డ్ వచ్చాక కూడా లోపలి గ్రాఫిక్స్ తన వాటా 2 జీబీ పట్టుకునే కూర్చుంది. టాస్క్ మేనేజర్‌లో హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ ఎక్కువ కనిపిస్తే చాలావరకు కారణం ఇదే. యూఎంఏ ఫ్రేమ్ బఫర్ సైజ్ తగ్గించండి. పూర్తిగా ఆఫ్ కూడా చేయొచ్చు కానీ నేనైతే చేయను. రేపు కార్డ్ సర్వీస్‌కి వెళ్తే మానిటర్‌కి అదే దిక్కు కదా!

అంతా అయ్యాక జీపీయూ-జడ్ ఓపెన్ చేయండి. రీసైజబుల్ బార్ పక్కన ఎనేబుల్డ్ అని ఉంటే ఇక గేమ్ స్టార్ట్ చేసుకోవచ్చు.