ఒక్కనాటి పువ్వుకు పదేళ్ళ చోటు

డేలిలీలలో నమోదైన రకాలు లక్షకు పైబడినాయి. మీ తోటకు తగిన నాలుగింటిని ఏరుకోవడం ఎలా?

ఉదయం విచ్చి, సాయంత్రానికి వాడిపోయే పువ్వును నమ్ముకొని ఎవరైనా తోట వేస్తారా? ఉత్తర అమెరికాలో ఎందరో గృహస్థులు వేస్తున్నారు. డేలిలీ పువ్వుకు ఆయుర్దాయం ఒక్క రోజే. దాని శాస్త్రీయ నామమైన 'హెమెరోకాలిస్'కు గ్రీకు మూలార్థం కూడా 'ఒక దినపు సౌందర్యం'. అయితే ఒక్కొక్క పూకాడపై పదిహేను, ఇరవై మొగ్గలు ఒకదాని వెనుక ఒకటి ఎదిగి వస్తాయి. నేడు వాడినదాని స్థానంలో రేపు మరొకటి విచ్చుతుంది. దుబ్బు బాగా కుదురుకుంటే కొన్ని వారాలపాటు పువ్వు లేని ఉదయం ఉండదు.

పువ్వు క్షణికమైనా మొక్క దీర్ఘజీవి. ఒకసారి నాటిన దుబ్బు ఏళ్ళ తరబడి ఆ చోటును ఏలుకుంటుంది. అందువల్ల రకం ఎంపికలో జరిగే పొరపాటు ఒక వేసవితో తీరిపోయేది కాదు.

పేరు లిల్లీ, వంశం వేరు

తెలుగునాట పూల అంగళ్ళలో 'లిల్లీ' పేర అమ్మేది నేలసంపెంగ. డేలిలీ అది కాదు. అసలు లిల్లీ కూడా కాదు. నిజమైన లిల్లీ నీరుల్లి వంటి గడ్డ నుంచి మొలుస్తుంది. డేలిలీకి కండగల వేళ్ళు ఉంటాయి. ఆకులు విసనకర్ర వలె పిలకలుగా విచ్చుకుంటాయి. నేటి వర్గీకరణ ప్రకారం మన పెరటి కలబంద దీనికి దగ్గరి బంధువు!

దీని పుట్టినిల్లు చైనా, జపాన్, కొరియాలు. చైనాలో దీనికి 'చింతను మరపించే మొక్క' అనే పేరుంది. అక్కడ ఎండబెట్టిన మొగ్గలను నేటికీ వంటల్లో వాడుతారు. పదహారవ శతాబ్దం నాటికి ఐరోపా చేరి, అక్కడి నుంచి వలసదారులతో పాటు అమెరికాకు వెళ్ళింది.

ఒక శాస్త్రజ్ఞుని పట్టుదల

ఇంగ్లండులో జార్జ్ యెల్డ్ అనే బడిపంతులు 1890ల తొలినాళ్ళలో 'ఏప్రికాట్' అనే సంకర రకాన్ని వెలువరించాడు. కాని డేలిలీ చరిత్రను మలుపు తిప్పినవాడు ఆర్లో బర్డెట్ స్టౌట్. అమెరికా పల్లెల్లో బాటల పక్కన విరివిగా పెరిగే నారింజరంగు డేలిలీ ఎందుకు విత్తనం కట్టదన్న ప్రశ్న ఆయనను వెంటాడింది. 1911లో న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో చేరిన స్టౌట్, చైనా నుంచి తెప్పించిన మొక్కలతో వేలాది సంకరాలు జరిపాడు. అప్పటి వరకు పసుపు, నారింజ వర్ణాలకే పరిమితమైన ఈ జాతిలో 'థెరాన్' అనే ముదురు ఎరుపు రకం 1934లో లోకానికి పరిచయమైంది. నేటి గులాబీ, ఊదా, మీగడ వన్నెల వెనుక ఆ కృషి ఉన్నది. స్వచ్ఛమైన నీలం మాత్రం నేటికీ ఎవరికీ అందలేదు.

1946లో ఏర్పడిన అమెరికన్ హెమెరోకాలిస్ సొసైటీ ఉత్తమమైన రకానికి ఏటా ఇచ్చే పతకానికి స్టౌట్ పేరే పెట్టారు.

ముందు శీతోష్ణం, తరువాత రంగు

కొనదలచినవారు మొదట అడుగవలసిన ప్రశ్న రంగును గురించి కాదు, ఆకును గురించి. కొన్ని రకాలు చలికాలంలో ఆకును పూర్తిగా ఎండబెట్టుకొని నిద్రిస్తాయి, కొన్ని నిత్యహరితాలు, మరికొన్ని ఈ రెంటికీ నడుమనున్నవి. మంచు గడ్డకట్టే మిన్నెసోటా వంటి రాష్ట్రాల్లో నిద్రించే రకాలే శ్రేష్ఠం. సుకుమారమైన నిత్యహరితం అక్కడ మొదటి శీతకాలంలోనే కుళ్ళిపోవచ్చు. చలి అంతగా లేని ఫ్లోరిడాలో ఇందుకు విరుద్ధం. చలి ఎరుగని భారతీయ మైదానాల్లో ప్రయత్నించదలచినవారికి కూడా నిత్యహరితాలే అనుకూలం.

తరువాత ఎండ. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ పడనిచోట పూలు పలచబడతాయి. అయితే ముదురు ఎరుపు, ఊదా రకాలు మిట్టమధ్యాహ్నపు ఎండకు కమిలిపోతాయి. వాటికి సాయంకాలపు నీడ కావాలి. పసుపు రకాలు ఎంతటి ఎండనైనా ఓర్చుకుంటాయి.

నాలుగు రకాలు, నాలుగు ఎత్తులు

మడి ముందు వరుసకు 'స్టెల్లా డి ఓరో' తగినది. వాల్టర్ జబ్లాన్స్కీ సృష్టించిన ఈ బంగారువన్నె రకం 1975లో నమోదై, 1985లో స్టౌట్ పతకం పొందింది. ఎత్తు పదకొండు అంగుళాలే; వేసవి పొడవునా విడతలు విడతలుగా పూస్తుంది. దాని వెనుక రెండడుగుల ఎత్తున, దాదాపు తెల్లగా పూసే 'జోన్ సీనియర్' నిలుస్తుంది. ఇది నిత్యహరితం గనుక తీవ్రమైన చలి ప్రాంతాలవారు మరొకటి చూచుకోవాలి. మూడవ వరుసకు 1924 నాటి 'హైపీరియన్': మూడడుగులు మించిన ఎత్తు, నిమ్మపండు వన్నె, మంచి పరిమళం. వెనుక కొసన, మిగిలినవన్నీ అలసిపోయే వేళకు పూసే స్టౌట్ రకం 'ఆటమ్ మినరెట్' అయిదడుగులు దాటి నిలుస్తుంది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్లు, ఇవి ఎల్లెడలా దొరికేవే కదా అని చిన్నచూపు చూచేవారున్నారు. క్రోమోజోములు 22 నుంచి 44కు రెట్టింపైన 'టెట్రాప్లాయిడ్' రకాలు మందమైన రేకలతో, గాఢమైన వర్ణాలతో ఆకర్షిస్తాయి. కొత్త రకమైతే ఒక్క పిలకకే వంద డాలర్లకు పైగా పలకడం కద్దు. కాని అనేక ప్రాంతాల్లో ఏళ్ళ తరబడి నిలిచిన రకానికి ఉన్న సాక్ష్యం నిన్న పుట్టినదానికి ఉండదు.

అపరాహ్ణం వేళ చూడండి

జాబితాలోని ఛాయాచిత్రం ఉదయపు పువ్వుది. కనుక జులైలో దగ్గరి ప్రదర్శనోద్యానానికి మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్ళడం ఉత్తమం. ఆ వేళకు రేకలు కరిగి వేలాడుతున్నాయా, నిలిచి ఉన్నాయా? కాడకు ఎన్ని కొమ్మలు? ఇంకా ఎన్ని మొగ్గలు? ఆకులపై తుప్పు తెగులు పొడి ఉన్నదా? 2000లో అమెరికాలో బయటపడిన ఈ తెగులు చలి తక్కువైనచోట పచ్చని ఆకుల మీద ఏడాది పొడవునా బతుకుతుంది.

బాటపక్క పెరిగే నారింజ డేలిలీని పొరుగువారు ఉచితంగా ఇచ్చినా మడిలోకి రానీయరాదు. విత్తనం లేకున్నా భూగర్భ కాండాలతో అది పక్కమొక్కలను తరిమివేస్తుంది. ఇంట పిల్లి ఉన్నవారు ఏ డేలిలీనీ దాని అందుబాటులో ఉంచరాదు. కొద్దిపాటి ఆకు, పుప్పొడి సైతం పిల్లి మూత్రపిండాలను చెరచి ప్రాణం తీయగలవు.

ఎంచుకున్న పిలకలను అడుగున్నర నుంచి రెండడుగుల ఎడంతో, మొదలు అంగుళం లోతుకు మించకుండా నాటాలి. నడుమ డాఫొడిల్ గడ్డలు పాతితే, వాటి ఎండుటాకులను డేలిలీ ఆకు కప్పివేస్తుంది. గింజతో మొలచినది తల్లిని పోలదు గనుక, పూలు తగ్గినప్పుడు, అంటే మూడు నుంచి అయిదేళ్ళకొకసారి, దుబ్బును తవ్వి విడదీయాలి. నాడు ఒక పిలకకు ధర చెల్లించినవారు ఆ రోజున ఇరుగుపొరుగులకు పంచిపెట్టగల స్థితిలో ఉంటారు. మంచి రకాన్ని ఎంచుకున్నామనడానికి అంతకు మించిన నిదర్శనం లేదు.