అమ్మకు తోడు... ఆమెకో ఉపాధి!

పురుడంటే మనకి పుట్టిల్లే గుర్తొస్తుంది. పక్కన అమ్మ ఉంటే కొండంత ధైర్యం. మరి పుట్టిల్లు సముద్రాల అవతల ఉంటే? అమెరికాలో అలాంటి తోడు కావాలనుకునేవాళ్లు డూలాని పెట్టుకుంటారు. గ్రీకులో ఆ మాటకి సేవకురాలని అర్థం. ఆమె మంత్రసానిలా పురుడు పోయదు, మందులివ్వదు. నొప్పులు పడుతున్నంతసేపూ పక్కనే ఉండి నడుం నిమురుతుంది, ధైర్యం చెబుతుంది.

ఆ తోడు విలువ తక్కువేం కాదు. కాన్పు సమయంలో నిరంతరం ఒకరు తోడున్న తల్లుల్లో సహజ కాన్పులు పెరిగి, సిజేరియన్లు తగ్గే అవకాశం ఉందని 26 అధ్యయనాలను పరిశీలించిన కోక్రేన్ సమీక్ష 2017లో తేల్చింది.

మరి డూలాకి తోడెవరు? నొప్పులకు వేళాపాళా ఉండదు. కాన్పు తేదీ దగ్గరపడితే ఫోను పక్కనే పెట్టుకుని పడుకోవాలి. బంధువుల పెళ్లయినా సరే, ఊరు దాటలేరు. ఇష్టంగా వచ్చినవాళ్లూ అలసిపోయి మానేస్తుంటారు.

నిలదొక్కుకోవాలంటే కొన్ని జాగ్రత్తలు తప్పవు. నెలకు ఇన్ని కాన్పులేనని గీత గీసుకోవాలి. తాను వెళ్లలేకపోతే వచ్చే మరో డూలాని గర్భిణికి ముందే పరిచయం చేయాలి. ఏం చేస్తారో, ఏం చేయరో కాగితం మీద రాసుకుని అడ్వాన్సు తీసుకోవాలి. ఖాళీ రోజుల్లో గర్భిణులకు తరగతులు చెప్పొచ్చు, బాలింతలకు సాయపడొచ్చు. ఫీజు లెక్కలో కాన్పు గదిలో గడిపిన గంటలే కాదు, ఎదురుచూసిన రాత్రులూ ఉండాలి.

పేద తల్లులకూ ఈ తోడు అందేలా మిన్నెసోటా రాష్ట్రం 2014లో మెడికెయిడ్ పథకం కింద డూలాలకు చెల్లించడం మొదలుపెట్టింది. సేవకి వెలకట్టడమేంటని మొహమాటపడితే, రేపు ఆ సేవ చేసేవాళ్లే మిగలరు!