పోపులపెట్టె తుమ్ములు ఆపుతుందా?

తొలకరి పడగానే ఊరంతా హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది. కొన్ని ఇళ్లలో మాత్రం అప్పుడే అవస్థ మొదలవుతుంది. పొద్దున్నే వరసపెట్టి పది తుమ్ములు, కారే ముక్కు, కళ్ల దురద, రాత్రయితే పిల్లికూతలు! అమ్మమ్మ మిరియాల పాలు తాగమంటుంది. పక్కింటావిడ తేనె నాకించమంటుంది. ఇంకొకరు 'ముందు పెరుగు మానిపించండి' అంటారు. ఇందులో దేన్ని నమ్మాలి?

అడిక్‌మెట్, తార్నాక వాసులకు చెట్లకేం కొదవలేదు. 1930లలో ఇక్కడ రూపుదిద్దుకున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమే వాళ్లకు ఉదయపు నడకదారి. పచ్చదనం మంచిదే, పుప్పొడి పడనివారికే చిక్కు. నగరంలో ఎక్కడ ఖాళీ జాగా ఉన్నా వానలకు గుబురుగా లేచే వయ్యారిభామ అందులో ముఖ్యమైనది. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ కలుపును మనదేశంలో 1950లలో పుణె దగ్గర గుర్తించారు. దాని పుప్పొడితో కొందరికి తుమ్ములు, ఆకు తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి.

నిజానికి పుప్పొడి విషమేమీ కాదు. మన ఒళ్లే దాన్ని శత్రువనుకుని హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. తుమ్ములు, దురద దాని పనే. జ్వరం లేకుండా, కళ్ల దురదతో, వారాల తరబడి సాగే 'జలుబు' చాలాసార్లు అలర్జీయే.

తేనె, పసుపు, ఆవిరి

స్థానిక తేనె తింటే అలర్జీ పోతుందన్న నమ్మకం ప్రపంచమంతటా ఉంది. 2002లో అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో 36 మందిపై పరీక్షించి చూశారు. తేనె తిన్నవారికీ, తేనె రుచి కలిపిన పాకం తిన్నవారికీ తేడా కనిపించలేదు. కారణం ఊహించొచ్చు. తేనెటీగలు తెచ్చేది ఎక్కువగా పూలలోని జిగురు పుప్పొడి. తుమ్ములు తెప్పించేది గాలిలో ఎగిరే పుప్పొడి. గొంతు గరగర, దగ్గు తగ్గడానికి మాత్రం తేనె పనికొస్తుంది. ఏడాది నిండని పిల్లలకు అస్సలు పెట్టకూడదు.

పసుపు, మిరియాల జోడీలో పెద్దల తెలివి ఉంది. మిరియాల్లోని పైపరిన్ తోడైతే పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి ఎన్నో రెట్లు ఎక్కువగా అందుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపారు. అయితే పాలలో వేసే చిటికెడు పసుపులో కర్క్యుమిన్ చాలా తక్కువ. కాబట్టి గొంతుకు హాయి సరే, అలర్జీ పోతుందనుకోవద్దు.

అంబర్‌పేటలో తయారయ్యే జిందా తిలిస్మాత్‌ను 1920 నుంచి హైదరాబాదీలు వాడుతూనే ఉన్నారు. అలాంటి ఘాటు మందుల్లోని మెంతాల్ ముక్కు తెరుచుకున్న భావన కలిగిస్తుంది. లోపలి వాపు తగ్గదు. ఆవిరి పట్టేటప్పుడు మరుగునీళ్ల గిన్నెకు పిల్లల్ని దూరంగా ఉంచాలి. ఏటా కాలిన గాయాలకు అదో కారణం.

పథ్యం పేరుతో పస్తులా?

ఇంటి వైద్యంలో అసలు ప్రమాదం పథ్యంతోనే. పెరుగు, అరటిపండు, గుడ్డు... ఒక్కొక్కటే పిల్లల కంచంలోంచి మాయమవుతుంటాయి. పుప్పొడి అలర్జీకి వీటిని మానాల్సిన పనిలేదు. ఏదైనా తిన్న ప్రతిసారీ నోరు దురద పెట్టినా, దద్దుర్లు వచ్చినా ఆ ఒక్కదాన్ని ఆపి డాక్టరుకు చూపించాలి. వంకాయ కొందరికి నిజంగానే పడదు. అలాగని ఇంటిల్లిపాదీ గుత్తివంకాయ మానుకోనక్కర్లేదు!

తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూత్రాలు చూడండి. రోజుకు 2000 కేలరీల భోజనంలో 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు, 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు ఉండాలంటాయి. ఎదిగే పిల్లలకు వీటిని కోసేస్తే అలర్జీ తగ్గకపోగా నీరసం మిగులుతుంది.

మృగశిర రోజున

ఆస్తమా అనగానే హైదరాబాద్‌లో గుర్తొచ్చేది బత్తిని కుటుంబం పంచే చేప ప్రసాదం. 1845 నుంచీ ఇస్తున్నామని ఆ కుటుంబం చెబుతుంది. మృగశిర కార్తె రోజున నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. 45 రోజుల పథ్యం చెబుతారు. దాని తయారీ రహస్యం. గుణం శాస్త్రీయంగా రుజువు కాలేదు. నమ్మకంతో వెళ్లేవారు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. వెళ్లొచ్చాక కూడా డాక్టరు రాసిన ఇన్‌హేలర్ ఆపకూడదు. ఆపితే ఉబ్బసం ఒక్కసారిగా ముదిరి ప్రాణం మీదికి రావచ్చు.

ఇవి చేయొచ్చు

* కాచి చల్లార్చిన పావు లీటరు నీటిలో పావు చెంచా ఉప్పు కలిపి ముక్కు కడుక్కుంటే పుప్పొడి పోతుంది. ఇంటి చిట్కాల్లో వైద్యులూ ఒప్పుకునేది ఇదే. కుళాయి నీటిని నేరుగా వాడొద్దు.

* బయటి నుంచి రాగానే ముఖం కడుక్కుని బట్టలు మార్చుకోవాలి.

* దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి వేడినీటిలో ఉతకాలి.

* వయ్యారిభామను పూత రాకముందే చేతికి తొడుగులు వేసుకుని పీకేయాలి. అలర్జీ ఉన్నవారు ఆ పనికి దూరంగా ఉండాలి.

మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలిరంగుకు తిరిగినా, పిల్లల డొక్కలు ఎగరేస్తున్నా కషాయం కాచుకుంటూ కూర్చోవద్దు. వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. పోపులపెట్టె చేతికి అందేచోటే ఉండాలి. దాని పక్కనే ఇన్‌హేలర్ కూడా!