చిల్లరకు బదులొచ్చిన చిత్తూరు చాకిలెట్టు

గుడియాత్తం బస్టాండు పక్క అంగట్లో మొన్న అడిగాను, 'మహా లాక్టో ఉందా తాతా?' అని. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని సీసాల వైపు చూశాడు. కాఫీ బైట్ ఉంది. మ్యాంగో బైట్ ఉంది. కిస్మీ ఉంది. 'న్యూట్రిన్‌దా? మాకు వచ్చేది ఎప్పుడో నిలిచిపాయ నాయనా. కమ్మరకట్టు ఉండాది, ఇచ్చేదా?' అన్నాడు.

ఇంకో ఐదు అంగళ్లు తిరిగా. అదే జవాబు. ఒకచోటైతే సీసాకు న్యూట్రిన్ మూత ఉంది. లోపల మాత్రం సోంపు పొట్లాలు.

మా మేనమామకు చిత్తూరులో ఉద్యోగం. శనివారం సాయంత్రం పరదరామి మీదుగా వచ్చే బస్సు దిగేసరికి చొక్కా జేబు ఉబ్బెత్తుగా ఉండేది. మేం నలుగురు పిల్లలం. తలా రెండు. మిగిలిన ఒక్కటీ అమ్మమ్మకు. పళ్లు లేకపోయినా ఆవిడ వదిలేది కాదు, బుగ్గన పెట్టుకుని చప్పరిస్తూ వాకిట్లో కూర్చునేది. సరిహద్దుకు ఇటువైపున్న తెలుగు ఇళ్లలో ఇలాంటి శనివారాలు లేని ఇల్లు తక్కువ. ముళబాగిలులోనూ, కోలారులోనూ, తిరుత్తణిలోనూ ఎవరో ఒక మామో బాబాయో చిత్తూరు నుంచి వచ్చేవాళ్లే.

బడిలో తమిళ పిల్లలు దాన్ని 'మిట్టాయ్' అనేవాళ్లు. బెంగళూరు నుంచి వచ్చే మా చిన్నమ్మ పిల్లలు 'పెప్పర్‌మెంట్' అనేవాళ్లు. మా ఇంట్లో మాత్రం కాగితం చుట్టిన తీపి ఏదైనా సరే చాకిలెట్టే. నిమ్మబిళ్ల చాకిలెట్టే, కొబ్బరి బిళ్ల చాకిలెట్టే. పుట్టినరోజున కొత్తగుడ్డలేసుకుని క్లాసంతా పంచేదీ చాకిలెట్టే. అసలు చాక్లెట్‌కు కోకో ఉండాలని, మనం తిన్నవాటిలో చాలావాటికి ఆ పేరుకు హక్కే లేదని డిగ్రీకి వచ్చాకే తెలిసింది. సర్కారుకు మాత్రం ఆ తేడా బాగా తెలుసు. 2025 సెప్టెంబరు 22 దాకా చాక్లెట్‌కు 18 శాతం జీఎస్టీ, పాకం మిఠాయికి 12 శాతం. ఆ రోజు నుంచే రెండింటికీ 5 శాతం. అంటే పన్ను లెక్కలో సర్కారు కూడా మా అమ్మమ్మ దారికొచ్చినట్టే.

రాష్ట్రం కంటే ముందే పుట్టింది

న్యూట్రిన్ మిఠాయి కంపెనీని బి.వెంకట్రామరెడ్డి చిత్తూరులో 1952లో మొదలుపెట్టారు. ఆ ఏడాది చిత్తూరు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న. ఆ తర్వాత 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది, సత్యవేడు ఇటు వచ్చింది. ఊళ్లు అటూఇటూ అయ్యాయి గానీ చాకిలెట్టు సీసాలు మాత్రం రెండు వైపులా కదలకుండా కూర్చున్నాయి. చెరుకు, బెల్లం పేరు చెబితే గుర్తొచ్చే జిల్లాలో, అటు మద్రాసుకూ ఇటు బెంగళూరుకూ పోయే దారుల మధ్య పెట్టిన కంపెనీ అది. వేలూరు అయితే గంట ప్రయాణం.

ఆశ, మహా లాక్టో, హనీఫ్యాబ్, కోకనాకా, ఎక్లెయిర్స్... పేర్లు చదువుతుంటేనే కొందరికి నోరూరుతుంది. అందులో 'ఆశ' పేరు నాకు భలే ఇష్టం. ఇంగ్లీషు అక్షరాల్లో 'ఏఏఎస్ఏవై' అని రాసేవాళ్లు. తమిళంలో ఆశై, తెలుగులో ఆశ. ఎవరి భాషలో వాళ్లు చదువుకోవచ్చు. సరిహద్దు ఊరివాళ్లకే తట్టే పేరది!

ముదురు పాకం సంగతి

ఈ మిఠాయిల గుట్టు మన వంటింట్లోనే ఉంది. అరిసెలకు అమ్మ బెల్లం పాకం పెట్టేటప్పుడు గిన్నెలో చల్లనీళ్లు పోసుకుని, గరిటెతో ఒక బొట్టు వేసి చూస్తుంది. చేతికి ఉండకడితే ఒక పాకం, గిన్నెకేసి కొడితే ఠంగున మోగితే ఇంకో పాకం. ఫ్యాక్టరీలో నీళ్ల గిన్నె ఉండదు, థర్మామీటరు ఉంటుంది. అంతే తేడా.

గట్టి బిళ్లలకు చక్కెరను గ్లూకోజు ద్రవంతో కలిపి 145-150 డిగ్రీల దాకా కాస్తారు. గ్లూకోజు లేకపోతే పాకం మళ్లీ పలుకులు కట్టి చక్కెరైపోతుంది. ఆ వేడికి నీరంతా ఎగిరిపోయి వందకు రెండు మూడు పాళ్లే మిగులుతుంది. అందుకే అది గాజులా పగులుతుంది. దాన్ని చల్లార్చి, రంగూ పులుపూ వాసనా కలిపి, ముద్దగా పిసికి, తాడులా సాగదీసి ముక్కలు కోస్తారు.

లాక్టో లాంటి పాల మిఠాయి వేరు. దానికి పాలు, కొవ్వు పడాలి. వేడి 120 డిగ్రీలు దాటాక కాస్త పైనే ఆపాలి. లోపల తేమ మిగలాలి, అప్పుడే పంటికింద సాగుతుంది. పాలూ చక్కెరా కలిసి కాగేటప్పుడు వచ్చే గోధుమ రంగు, ఆ మాడీమాడని వాసన... కోవా అడుగంటబోయే ముందు వచ్చే వాసన లాంటిదే. మనం చాక్లెట్ రుచి అనుకున్నది చాలావరకు అదే. కోకో కాదు.

ఈ పాకానికి గాల్లో తేమ పడదు. కార్తీకం వానల్లో కాగితం బిళ్లకు అంటుకుపోయేది. గోటితో గీకి, రానిది కాగితంతో సహా నమిలేసి, చివర్న ఊసేవాళ్లం. ఇప్పటి పిల్లలకు ఆ పని తెలీదు.

పేరు ఒకరిది, చిరునామా ఇంకొకరిది

2006లో న్యూట్రిన్‌ను గోద్రెజ్ కొంది. 2007లో అమెరికా హెర్షే కంపెనీ 51 శాతం వాటాతో గోద్రెజ్‌తో చేతులు కలిపింది. 2012లో మిగిలిన వాటా కూడా హెర్షేకే పోయింది. పేరు హెర్షే ఇండియా అయ్యింది. ఆరేళ్లలో చిత్తూరు మిఠాయి బొంబాయి మీదుగా పెన్సిల్వేనియా చేరింది. ఆ తర్వాత కూడా మహా లాక్టో కొన్నాళ్లు అంగళ్లలో దొరికింది. హెర్షే అసలు బలమంతా కోకో చాక్లెట్‌లో ఉంది. 1907లో పుట్టిన తన 'కిసెస్'ను 2018లో మన దేశానికి తెచ్చింది. అదీ మంచిదే. కానీ రూపాయి పట్టుకుని వచ్చే పిల్లాడి సరుకు కాదు.

ఇది ఒక్క చిత్తూరు కథే అయితే ఇంత రాయక్కర్లేదు. కడలూరు దగ్గర నెల్లికుప్పం ప్యారీ మిఠాయిలు తెలుసు కదా. కాఫీ బైట్, లాక్టో కింగ్ వాళ్లవే. 2004లో ఆ వ్యాపారం కొరియా లొట్టే చేతికి వెళ్లింది. నాసిక్ జిల్లా రావల్‌గావ్ పాన్ పసంద్, మ్యాంగో మూడ్‌లను మహారాష్ట్ర తెలుగువాళ్లు మర్చిపోరు. 2024 ఫిబ్రవరిలో ఆ బ్రాండ్లను రిలయన్స్ కన్స్యూమర్ 27 కోట్ల రూపాయలకు కొంది. కొన్నది పేర్లు, తయారీ సూత్రాలు. భూమి, యంత్రాలు పాత కంపెనీకే మిగిలాయి. మిఠాయిలో అసలు ఆస్తి ఏదో ఆ బేరం చూస్తే తెలుస్తుంది.

అమ్ముడుపోనిది కర్ణాటకలో ఉంది. కోకో ధర పడిపోయి, కొనేవాళ్లు లేక రైతులు అల్లాడినప్పుడు మంగళూరు వక్క రైతుల సహకార సంఘం క్యాంప్కో ముందుకొచ్చింది. సంఘం పుట్టింది 1973లో. 1986లో పుత్తూరులో సొంత చాక్లెట్ ఫ్యాక్టరీ పెట్టింది. యజమానులు రైతులు కాబట్టి ఒక్కరు సంతకం పెడితే చేతులు మారే వీల్లేదు. మంగళూరు వైపు వెళ్తే ఆ బారు ఒకటి కొని చూడండి. అది నిజంగానే చాక్లెట్.

చిల్లర లేదు, చాకిలెట్టు తీసుకో

న్యూట్రిన్ లాంటి మిఠాయిలను ఊరూరా నిలబెట్టింది రుచి ఒక్కటే కాదు, చిల్లర కొరత కూడా. పావలాకు ఒకటి, అర్ధరూపాయికి ఒకటి. అంగట్లో చిల్లర లేకపోతే సీసాలో చెయ్యి పెట్టి రెండు తీసి ఇచ్చేవాళ్లు. బస్సు కండక్టరు ఒక్కడే అలా ఇచ్చేవాడు కాదు. మా అమ్మకు ఈ పద్ధతి మీద ఒళ్లుమంట. 'నేను కూడా చాకిలెట్లిచ్చి ఉప్పు కొంటే ఒప్పుకుంటావా?' అని ఒకసారి అంగడివాడితో తగువేసుకుంది. వాడు నవ్వి ఇంకొకటి ఎక్కువ ఇచ్చాడు. తగువు తీరింది, తిన్నది నేను.

2011 జూన్ 30తో పావలా చెల్లుబాటు ఆగిపోయింది. పావలా చాకిలెట్టుకు ఉన్న చివరి ఆసరా కూడా దాంతో పోయింది. ఇప్పుడు ఫోన్లో పైసలతో సహా పంపేస్తున్నాం. చిల్లర మాటే లేదు. సీసాలో చెయ్యి పెట్టే పని అంగడివాడికి తప్పింది.

కావాలంటే ఏం చేయాలి?

ముందు పేర్లు కలిపేసుకోకండి. లాక్టో కింగ్ వేరు, మహా లాక్టో వేరు. అంగట్లో 'లాక్టో' అంటే ఇచ్చేది మొదటిదే కావచ్చు. అదీ పాల మిఠాయే, బాగానే ఉంటుంది, మీరు వెతుకుతున్నది మాత్రం కాదు.

ఆన్‌లైన్‌లో వెతికితే నాకు పాత పేజీలు చాలా తగిలాయి. ఎక్కువ వాటి కింద 'స్టాకు లేదు' అనే ఉంది. 'తొంభైల పిల్లల మిఠాయి' అని తమిళనాడంతా అమ్ముతున్న పెట్టెలున్నాయి. తేనె మిఠాయి, కమ్మరకట్టు లాంటివి అందులో బాగుంటాయి. పాత కంపెనీ పేరున్న పొట్లం కనబడితే వెనక్కి తిప్పండి. తయారు చేసిందెవరు, 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు ఉందా, తేదీ ఎప్పటిది, ఈ మూడూ చూడండి. ఇలాంటి మిఠాయి మామూలుగా ఏడాదికి మించి నిలవుండదు. మీ చిన్ననాటి సరుకే అని ఎవరైనా అమ్మితే అది కొనకపోవడమే మంచిది.

చివరికి ఆ తాత అంగట్లోనే కమ్మరకట్టు ఐదు తీసుకుని ఇంటికెళ్లా. మామకు ఇప్పుడు డెబ్భై దాటాయి, షుగరు. ఒకటి చేతిలో పెడితే అటూఇటూ తిప్పి చూశాడు. 'చిత్తూరుదేనా?' అన్నాడు. కాదన్నాను. అత్త లోపలికి వెళ్లేదాకా ఆగి, నోట్లో వేసుకున్నాడు.