మీకు తెలుసా? చర్చి మూతపడితే ఏమవుతుందో!

చర్చి కట్టడం ఒక ఎత్తయితే, కట్టినదాన్ని నిలబెట్టుకోవడం మరో ఎత్తు! యూరప్‌లోనూ అమెరికాలోనూ క్యాథలిక్ చర్చిలు ఏటా మూతపడుతున్నాయి. వచ్చే జనం తగ్గారు, పూజ చేసే ఫాదర్లు తగ్గారు, మరమ్మతుల బిల్లులు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. ఆ చర్చిల వెనకున్న వింతలను ఏరి ఇక్కడ పోగుచేశాం. పిల్లలకు చదివి వినిపించండి, పెద్దవాళ్లను ప్రశ్నలడిగి ఇరికించండి!

● మూసేసిన చర్చిని విడిచిపెట్టకుండా భక్తులు ఎన్నాళ్లు కాపలా కాశారో చెప్పుకోండి చూద్దాం? 11 ఏళ్ల 7 నెలలు! అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం సిచుయెట్‌లో, సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ కబ్రీనీ చర్చి భక్తులు 2004 అక్టోబరు నుంచి వంతులు వేసుకుని రాత్రింబవళ్లు లోపలే ఉండి, సుప్రీంకోర్టు తమ మొర వినేది లేదన్నాకే 2016 మేలో బయటికొచ్చారు.

● ఆ చర్చి ఉన్న బోస్టన్ అగ్రపీఠం (ఆర్చ్‌బిషప్ పాలనలోని ప్రాంతం) 2004లో ఒక్కసారే 65 పారిష్‌లను మూసేస్తామని ప్రకటించింది! అప్పటికి అక్కడున్నవి మొత్తం 357 కాబట్టి, దాదాపు ప్రతి అయిదింటిలో ఒకటి పోయినట్టే.

● పారిష్ వేరు, చర్చి వేరు! మన క్యాథలిక్కులు విచారణ అని పిలుచుకునే పారిష్ అంటే జనం, చర్చి అంటే భవనం; అందుకే ఒక పారిష్‌ను ఇంకోదానిలో కలిపేసినా పాత చర్చిలో పూజలు సాగుతూనే ఉండొచ్చు.

● పారిష్‌ను రద్దు చేయాలంటే బిషప్ గారు ఒక్కరూ అనుకుంటే చాలదు! 1983 నాటి క్యాథలిక్ ధర్మశాస్త్రంలో 1,752 సూత్రాలుంటే, అందులో 515వది ముందుగా గురువుల (ఫాదర్ల) సభ అభిప్రాయం వినాలని కట్టడి చేస్తోంది.

● అదే శాస్త్రంలో 1222వ సూత్రం ఇంకా విచిత్రం: మూసిన చర్చిని మామూలు పనులకు వాడుకోవచ్చు గానీ, నీచమైన పనులకు మాత్రం వాడకూడదు! కాబట్టి గ్రంథాలయానికో ఇళ్లకో ఇవ్వొచ్చు, పరువు తక్కువ వ్యాపారాలకు ఇవ్వకూడదు.

● మూసివేత మీద అభ్యంతరం చెప్పడానికి భక్తులకున్న మొదటి గడువెంతో తెలుసా? 10 రోజులే! ఆలోగా బిషప్‌కే అర్జీ పెట్టుకోవాలి, ఆయన కాదంటే మరో 15 రోజుల్లో వాటికన్ తలుపు తట్టాలి.

● తలుపు తడితే తెరుచుకుంటుందా అంటే, ఒక్కోసారి తెరుచుకుంటుంది! అమెరికాలోని క్లీవ్‌లాండ్ మేత్రాసనంలో (బిషప్ పాలనలోని ప్రాంతంలో) మూసేసిన 13 పారిష్‌ల విషయంలో, బిషప్ పద్ధతి ప్రకారం చేయలేదంటూ 2012లో వాటికన్ భక్తుల పక్షానే తీర్పిచ్చింది.

● ఊరూ పేరూ చెప్పని ఒక దాత 2 కోట్ల డాలర్లు ఇచ్చి ఒక చర్చిని బతికించారు! న్యూయార్క్‌లో 1848లో ఐర్లండ్ కరువు బాధితులు కట్టుకున్న సెయింట్ బ్రిజిడ్ చర్చిని కూల్చడం మొదలయ్యాక, 2008లో వచ్చిన ఆ సొమ్ముతో బాగుచేయించి 2013లో మళ్లీ తలుపులు తెరిచారు.

● అదే న్యూయార్క్‌లో 2014లో 112 పారిష్‌లు కలిసిపోయి 55 అయ్యాయి! ఒకే ప్రకటనతో రెండేసి మూడేసి పారిష్‌లను ఒక్కో గూటికి చేర్చేశారు.

● బాల్టిమోర్‌లో లెక్క ఇంకా తీవ్రం: 61 పారిష్‌లు 23కి దిగుతాయని 2024లో చెప్పారు! అంతకు ముందు ఏడాదే సెయింట్ లూయిస్ అగ్రపీఠం 178 పారిష్‌లను 134కు తగ్గిస్తున్నట్టు ప్రకటించింది.

● అమెరికాలో తమతోనే ఉండే ఫాదర్ లేని పారిష్‌లు 1965లో 549 ఉంటే, అరవై ఏళ్లు గడవకముందే ఆ సంఖ్య సుమారు 3,500కు ఎగబాకింది! ఆ కాలంలోనే దేశంలోని గురువుల సంఖ్య దాదాపు 59 వేల నుంచి 35 వేలకు పడిపోయింది మరి.

● ఆ కొరత తీర్చడానికి వెళ్లినవారిలో మన తెలుగు ఫాదర్లూ ఉన్నారు! ఒకప్పుడు ఇటలీ మిషనరీలు తెలుగు పల్లెలకు వచ్చి పూజలు చేశారు; ఇప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వెళ్లిన గురువులు అమెరికా పల్లెల్లో చర్చిలు మూతపడకుండా నడిపిస్తున్నారు.

● ఫ్రాన్స్‌లో ఊరి చర్చి ఎవరి ఆస్తి? పోపు గారిదనుకుంటే పొరపాటే, ఊరి మున్సిపాలిటీది! 1905 నాటి చట్టం వల్ల అంతకు ముందు కట్టిన పారిష్ చర్చిల్లో దాదాపు 40 వేలు స్థానిక సంస్థల చేతిలో ఉన్నాయి కాబట్టి, కప్పు కారితే మేయరు గారు నాస్తికుడైనా ఆయనే తల పట్టుకోవాలి.

● ఇటలీలోనైతే 800కు పైగా చర్చిలు పోలీసులను చూసుకునే హోం శాఖ కింద ఉన్నాయి! 19వ శతాబ్దంలో సర్కారు మఠాల ఆస్తులు స్వాధీనం చేసుకున్నప్పుడు వచ్చిన ఈ చర్చిలను, ఆ శాఖలోని ఒక ప్రత్యేక నిధి సంరక్షిస్తోంది.

● కాలిపోయిన ఒక చర్చి కోసం 150 దేశాల నుంచి 3 లక్షల 40 వేల మంది డబ్బు పంపారు! 2019 ఏప్రిల్ 15న పారిస్ నోత్రదామ్ తగలబడితే, దాదాపు 84 కోట్ల 60 లక్షల యూరోల చందాలు పోగై 2024 డిసెంబరులో అది మళ్లీ తెరుచుకుంది.

● ఆ నోత్రదామ్ కప్పునూ శిఖరాన్నీ తిరిగి నిలబెట్టడానికి ఎన్ని ఓక్ చెట్లు పట్టాయో ఊహించండి! సుమారు 2 వేలు, ఎందుకంటే ఇనుము, కాంక్రీటు వాడకుండా పాతకాలం వడ్రంగం ప్రకారమే దూలాలు చెక్కించారు.

● నిప్పు తగలని సంగీతవాద్యానికీ లక్షల ఖర్చు తప్పలేదు! నోత్రదామ్‌లోని పెద్ద ఆర్గన్ కాలకపోయినా, కరిగిన కప్పు నుంచి రేగిన సీసం దుమ్ము పట్టేయడంతో దాని 8 వేల గొట్టాలను విప్పి శుభ్రం చేయాల్సి వచ్చింది.

● ఓరుగల్లులో గణపతిదేవుడు ఏలుతుండగా పునాది పడిన ఒక చర్చి, మన దేశంలో రైళ్లు తిరిగే కాలానికి గానీ పూర్తి కాలేదు! జర్మనీలోని కొలోన్ కథీడ్రల్ 1248లో మొదలై 1880లో ముగిసింది, అంటే మధ్యలో శతాబ్దాల విరామంతో కలిపి 632 ఏళ్లు పట్టింది.

● పూర్తయినా పని మాత్రం ఆగలేదు! 157 మీటర్ల ఆ కథీడ్రల్ జంట శిఖరాలు మన నాగార్జునసాగర్ డ్యామ్ కంటే 33 మీటర్లు ఎత్తు. వాటి రాళ్లు ఎక్కడో ఒకచోట అరుగుతూనే ఉంటాయి కాబట్టి, కొలోన్ వాళ్లు కథీడ్రల్ పని ముగిసిన రోజే ప్రపంచం ముగుస్తుందంటారు.

● ఆ కొలోన్ కథీడ్రల్ నిర్వహణ ఖర్చులో దాదాపు 60 శాతం భరించేది ఒక పౌరుల సంఘం! 1842లో నిర్మాణం పూర్తి చేయడానికి చందాలు వసూలు చేస్తూ పుట్టిన ఆ సంఘం, కట్టడం పూర్తయ్యాక సంరక్షణకు నడుం కట్టింది.

● ఇటలీలోని మిలాన్‌లో మీరు ఒక చర్చి శిఖరాన్ని దత్తత తీసుకోవచ్చు! 135 శిఖరాలు, 3,400 విగ్రహాలున్న ఆ పాలరాతి కథీడ్రల్‌ను 1387 నుంచి ఒకే సంస్థ చూసుకుంటూ, 2012లో దాతల కోసం ఈ దత్తత పథకం పెట్టింది.

● బార్సిలోనాలోని సగ్రద ఫమీలియాకు కట్టడం మొదలైన 137 ఏళ్లకు గానీ నిర్మాణ అనుమతి రాలేదు! 1882లో మొదలైన చర్చికి 2019లో అనుమతి పత్రం దక్కింది, దానికి ముందే నగరానికి 3 కోట్ల 60 లక్షల యూరోలు చెల్లించే ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది.

● ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ క్యాథలిక్ కథీడ్రల్ తొలి నమూనా ఖర్చు అంచనా 30 లక్షల పౌండ్ల నుంచి 2 కోట్ల 70 లక్షలకు పెరిగింది! తొమ్మిది రెట్లయిన ఆ లెక్క చూసి నేలమాళిగతోనే ఆపేసి, తర్వాత వేరే నమూనాతో 1967లో చర్చి తెరిచారు.

● ఆ కొత్త చర్చి కప్పు కూడా కారింది! అగ్రపీఠం ఊరుకోకుండా ఆర్కిటెక్టు మీద 13 లక్షల పౌండ్లకు దావా వేసింది.

● చలిదేశాల్లో చర్చి గోడకు పెద్ద శత్రువు ఎవరో చెప్పండి? తుపానూ కాదు, పిడుగూ కాదు, మంచు! పగిలిన తూము నుంచి రాళ్ల సందుల్లోకి దిగిన నీరు గడ్డకడుతూ 9 శాతం ఉబ్బి, ఏటా కొంచెం కొంచెంగా గోడను లోపలి నుంచే చీలుస్తుంది.

● చర్చిని వెచ్చగా ఉంచడానికి 2,200 అడుగుల లోతు దాకా బోర్లు వేశారు! న్యూయార్క్ సెయింట్ పాట్రిక్ కథీడ్రల్‌లో పది బావులు తవ్వి, భూమి లోపల ఏడాదంతా ఒకే తీరుగా ఉండే ఉష్ణోగ్రతతో చలికాలం వేడినీ, వేసవిలో చల్లదనాన్నీ తెస్తున్నారు.

● జర్మనీలో చర్చి సభ్యుడైతే జీతంలోంచే చర్చి పన్ను కోసేస్తారు! ఆదాయపు పన్ను మీద 8 లేదా 9 శాతం ఉండే ఈ సొమ్మే చర్చిలకు ఆధారం, అయితే 2022 ఒక్క ఏడాదే 5,22,821 మంది క్యాథలిక్ సభ్యత్వం వదులుకున్నారు, అంటే రోజుకు 1,400 మందికి పైగానే!

● బొగ్గు కోసం చర్చినే తీసేశారు! జర్మనీలోని ఇమ్మెరాత్ గ్రామం బొగ్గు గని కిందికి రావడంతో, జంట గోపురాల సెయింట్ లాంబెర్ట్ చర్చిని 2018 జనవరిలో రెండు రోజుల్లో నేలమట్టం చేశారు.

● 13వ శతాబ్దపు చర్చిలో నిలబడి నవల కొనుక్కోవచ్చు! నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో పూర్వపు డొమినికన్ చర్చి ఒకప్పుడు సైకిళ్లు పెట్టుకునే చోటుగా ఉండి, 2006 నుంచి మూడంతస్తుల ఉక్కు అల్మరాలతో పుస్తకాల షాపుగా వెలుగుతోంది.

● స్పెయిన్‌లోని ల్యానేరా ఊళ్లో, పూర్వం పూజ జరిగిన చోట ఇప్పుడు కుర్రాళ్లు స్కేట్‌బోర్డుల మీద దూకుతున్నారు! 1912లో పేలుడు పదార్థాల కర్మాగారం కార్మికుల కోసం కట్టిన సాంటా బార్బరా చర్చి పాడుబడితే, యువకులు దాన్ని స్కేటింగ్ స్థలంగా మార్చి 2015లో గోడల నిండా రంగురంగుల బొమ్మలు వేయించారు.

● కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో ఒక చర్చి నిండా జున్ను చక్రాలున్నాయి! సెంట్ ఎలిజబెత్ ద వార్విక్ గ్రామంలో మూతపడిన చర్చిని పక్కనే ఉన్న జున్ను తయారీదారులు కొని, అక్కడ జున్నును నెలల తరబడి మాగబెడుతున్నారు.

● అదే రాష్ట్రంలో క్యూబెక్ నగరంలోని సెంట్ ఎస్ప్రీ చర్చి సర్కస్ బడి అయింది! ఊయల మీద విన్యాసాలు నేర్చుకోవడానికి ఎత్తయిన కప్పు కావాలి, అది చర్చిలో దొరికినట్టు ఇంకెక్కడా దొరకదు కదా.

● చికాగోలో పాడుబడుతున్న చర్చి ముఖద్వారం రాయి రాయిగా ఊడి వేరే ఊరికి వెళ్లింది! సెయింట్ జాన్ ఆఫ్ గాడ్ చర్చి ముందుభాగాన్నీ, మూతపడిన మరో చర్చి లోపలి అలంకారాలనూ కలిపి ఓల్డ్ మిల్ క్రీక్‌లో కొత్త సెయింట్ రాఫేల్ చర్చి కట్టుకున్నారు.

● ఒక చర్చిని ఏకంగా 900 మైళ్లు తరలిద్దామనుకున్నారు! న్యూయార్క్ రాష్ట్రం బఫెలోలో 2008లో మూతపడిన సెయింట్ జెరార్డ్ చర్చిని విప్పి జార్జియాకు తీసుకెళ్లాలని ఒక పారిష్ పథకం వేసింది గానీ, చర్చి మాత్రం బఫెలోలోనే ఉండిపోయింది.

● అదే బఫెలోలో 2013లో పుట్టిన ఇంకో ఆలోచన ఎంత ముచ్చటైనదో! జనం పలచబడిన పాత చర్చిని ఒకదాన్ని ఎంచుకుని, ఒక ఆదివారం ఊరంతా ఒక్కసారే వెళ్లి నింపేస్తారు. ఆ అలవాటు డెట్రాయిట్‌కూ పాకింది.

● చర్చి మూతపడినా మీ తాతగారి బాప్తిస్మం రికార్డు పోదు! జ్ఞానస్నానం, వివాహం, మరణాల రిజిస్టర్లు కలిసిపోయిన పారిష్‌కో మేత్రాసనం భద్రాలయానికో చేరతాయి కాబట్టి, మనవలు వచ్చి వెతుక్కోవచ్చు.

● మన గోవాలోనూ ఒక చర్చి పట్టించుకునేవారు లేక కూలింది! 1835లో సన్యాసులను పంపించేశాక దిక్కులేనిదైన పాతగోవా సెయింట్ అగస్టీన్ చర్చి కప్పు 1842లో పడిపోయి, ఇప్పుడు 46 మీటర్ల బురుజు మాత్రం మిగిలింది. దాని పెద్ద గంట పణజిలోని చర్చిలో నేటికీ ఉంది.

● ఏటా మునిగి తేలే చర్చి ఒకటి మన పొరుగునే ఉంది! కర్ణాటక హాసన్ జిల్లా శెట్టిహళ్లిలో ఫ్రెంచి మిషనరీలు కట్టిన రోజరీ చర్చి, గొరూరు డ్యామ్ వచ్చాక నిండు వానాకాలంలో సగం నీళ్లలో ఉండి, వేసవిలో బయటపడుతుంది.

చూశారుగా! డబ్బున్న కథీడ్రళ్లు, బీద పారిష్‌లు అని తేడా లేదు. మనుషులు పట్టించుకున్నవే నిలబడ్డాయి. మీ ఊళ్లో పాత చర్చి గానీ, గుడి గానీ, మసీదు గానీ ఉంటే, ఈసారి వానలు మొదలవకముందే దాని కప్పునూ తూములనూ ఒకసారి చూడమని పెద్దలకు చెప్పండి. ఇవాళ పూడ్చే చిన్న పగులుకు అయ్యే ఖర్చు, రేపు కూలే గోడను కట్టే ఖర్చు ముందు ఎందులోకీ రాదు!