కణపొర చెప్పే కబురు

తలనొప్పి, మూర్ఛ అని ఆసుపత్రికి వెళ్తే ఎంఆర్‌ఐలో మెదడులో గడ్డ కనిపించింది. అది క్యాన్సరా? క్షయ గడ్డా? చికిత్సలు పూర్తిగా వేరు. ఒక్కోసారి బొమ్మ చూసి తేల్చటం కష్టం. అప్పుడే డాక్టర్లు ‘ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీ కూడా చేయిద్దాం’ అంటారు. పేరు వినగానే కంగారు పడకండి.

అదే యంత్రం.. వేరే పని

మామూలు ఎంఆర్‌ఐ ప్రధానంగా ఒంట్లోని నీటి నుంచి వచ్చే సంకేతాలతో బొమ్మ గీస్తుంది. గడ్డ ఎక్కడుంది, ఎంతుందనేది చెబుతుంది. స్పెక్ట్రోస్కోపీలో నీటి సంకేతాన్ని అణచిపెట్టి, గడ్డలోని రసాయనాల తీరును గ్రాఫుగా చూస్తారు. కోత ఉండదు. ఎక్స్‌రే, సీటీ స్కాన్‌ల మాదిరి రేడియేషన్ కూడా ఉండదు.

కొవ్వుల గుట్టు

మన ప్రతి కణానికీ కొవ్వులతో అల్లుకున్న సన్నటి పొర ఉంటుంది. దాని తయారీకి కోలిన్ ముఖ్యమైన ముడిసరుకు. క్యాన్సర్ కణాలు వేగంగా విభజన చెందుతాయి. కొత్త కణానికి కొత్త పొర కావాలి కదా! అందుకే అక్కడ కోలిన్ పదార్థాలు పెరుగుతాయి. గ్రాఫులో 3.2 పీపీఎం దగ్గర గీత పైకి లేస్తుంది. నాడీకణాల ఆరోగ్యాన్ని తెలిపే ఎన్‌ఏఏ (2.0 దగ్గర) పడిపోతుంది.

పొరలో బిగుసుకుని ఉన్న కొవ్వులు గ్రాఫులో సరిగా కనిపించవు. కణాలు చనిపోయి, కొవ్వు బిందువులుగా మారితే 0.9, 1.3 దగ్గర బయటపడతాయి. తీవ్రమైన మెదడు కణితుల్లో ఇవి తరచూ కనిపిస్తాయి. క్షయ గడ్డల్లోనూ కొవ్వు గీత పెరుగుతుంది, కానీ కోలిన్ సాధారణంగా అంతగా పెరగదు. మందులతో నయమయ్యే క్షయను గుర్తించటానికి ఈ తేడా తోడ్పడుతుంది.

రిపోర్టు చూసి బెంబేలెత్తొద్దు

‘కోలిన్ పెరిగింది’ అని రాసినంత మాత్రాన క్యాన్సరని కాదు. వాపు ప్రక్రియలోనూ ఇది పెరగొచ్చు. గడ్డ మరీ చిన్నగా ఉన్నా, ఎముకకు దగ్గరగా ఉన్నా గ్రాఫు స్పష్టంగా రాకపోవచ్చు. కాబట్టి లక్షణాలు, ఎంఆర్‌ఐ, ఇతర పరీక్షలన్నీ కలిపి చూస్తారు. అవసరమైతే ముక్క తీసి పరీక్షిస్తారు.

ఇవి మరవొద్దు

* పేస్‌మేకర్, చెవిలో అమర్చిన పరికరం, ఒంట్లో లోహపు క్లిప్పుల వంటివి ఉంటే ముందే చెప్పండి.
* తల కదపకుండా పడుకోండి. కదిలితే గ్రాఫు చెడిపోతుంది.
* పాత స్కాన్లన్నీ వెంట తీసుకెళ్లండి.
* రిపోర్టులోని అంకెలను ఇంట్లో కూర్చుని లెక్కలేసుకోవద్దు. ‘ఇక మీదట ఏం చేయాలి?’ అని డాక్టర్‌నే అడగండి.