వార్తల్లో పదం: భాగస్వామ్య రూపకల్పన

బోధన పరికరాన్ని గానీ యాప్‌ను గానీ, వాడబోయే టీచర్లు, పిల్లలు, తల్లిదండ్రులతో కలిసి తయారుచేయడమే విద్యారంగంలో భాగస్వామ్య రూపకల్పన. పనిచోటుకు వచ్చే కంప్యూటర్ల విషయంలో తమ మాటా చెల్లాలని 1970లలో స్కాండినేవియా కార్మిక సంఘాలు పట్టుబట్టడంతో ఈ పద్ధతి మొదలైంది.

మనకు దగ్గరి ఉదాహరణ మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ. అక్కడి విద్యా వనరుల సంస్థ రూపొందించిన ‘స్కూల్ ఇన్ ఎ బాక్స్’ అనే అభ్యాస కార్డుల పెట్టెకు తెర లేదు, కరెంటు అక్కర్లేదు. ఒకే గది, పలు తరగతులు, ఒక్కరే టీచరు: పల్లె బడి కష్టం ఇదీ. అందుకే గోడమీద, పాఠాల క్రమాన్ని మెట్లుగా చూపే అభ్యాస నిచ్చెన ఉంటుంది. పిల్లవాడు అందులో తన మెట్టు చూసుకుని, బొమ్మ గుర్తును బట్టి తన కార్డు తానే తెచ్చుకుంటాడు. ఎవరి వేగం వారిది. ఈ పెట్టె మరో ప్రాంతానికి వెళ్లినప్పుడు కార్డులను మక్కికి మక్కి అనువదించరు. అక్కడి టీచర్లే వర్క్‌షాపుల్లో కూర్చుని స్థానిక కథలు, పాటలతో కొత్తగా రాస్తారు. దీని అసలు బలం అదే. తమిళనాడు ప్రభుత్వ బడుల్లో ప్రవేశపెట్టిన కృత్యాధార బోధనకు మూలం కూడా ఈ రిషివ్యాలీ పద్ధతే.